ఆమోస్ చుట్టుదారి

హెస్టర్ గార్బట్‌కు కుళ్లు పుట్టుకతో వచ్చిందని కొందరు, పెళ్లితో వచ్చిందని కొందరు అనేవాళ్లు. నన్నడిగితే రెండూ నిజమే. భర్త ఆమోస్ కుక్క తల నిమిరినా ఆమెకు కడుపు మండేది. ఆడపడుచు లెట్టీ తన అన్నకు మేజోళ్లు అల్లి ఇచ్చినా మండేది. అతను పెంచే తేనెటీగల సంగతి సరేసరి. అయితే ఇవన్నీ చిల్లర మంటలు. అసలు మంట ఫీబీ పెకిట్.

ఆమోస్ రాతి గోడలు పేర్చేవాడు. ఆదివారం పొద్దున మాత్రం పని ముట్టుకోడు, చర్చికీ పోడు. ఒక్కడే ఒక చుట్టు తిరిగి వచ్చేవాడు. ఊరి వెనక గుట్ట ఎక్కి, ఊదా పూలు పూసే హెదర్ పొదల బీడు మీదుగా నడిచి, అవతలి అడవి లోయలోకి దిగి, వాగు దాటి ఇల్లు చేరేవాడు. ఆ లోయలో, వాగు ఒడ్డున, ఫీబీ ఒంటరిగా ఉండేది. పెళ్లికి ముందు ఆమోస్ ఆమెతో రెండుసార్లు డాన్సుకు వెళ్లాడు. ఊరంతా ఆ ముచ్చట మరిచిపోయింది, హెస్టర్ తప్ప.

హెస్టర్ తండ్రి కూడా బతికున్న రోజుల్లో, వాగు మీది వంతెన దాటుకుంటూ, అదే చుట్టు తిరిగేవాడు. చర్చిలో మొదటి గంట మోగగానే బయల్దేరితే జనం ప్రార్థన ముగించి బయటికి వచ్చేసరికి ఇంట్లో ఉండేవాడు. ఆమోస్‌కు ఇంకో గంట పట్టేది. ఆ గంట ఎక్కడ ఖర్చవుతోందో హెస్టర్‌కు ఒకరు చెప్పనక్కర్లేదు. ఆదివారం భోజనానికి ఆమె కాల్చిన యార్క్‌షైర్ పుడ్డింగు రొట్టెలు నిండుగా పొంగి, అతను వచ్చేసరికి అణిగిపోయేవి.

“ఆ దారి అంతే మరి,” అనేవాడు ఆమోస్.

ఆమె గ్రేవీ గిన్నె ఠపీమని బల్ల మీద పెట్టేది. ముప్పై ఏళ్ల పైన ఇదే తంతు. ఫీబీ పేరు మాత్రం ఏనాడూ నోటితో అనలేదు. అంటే ఓడిపోయినట్టేనని ఆమె లెక్క. ఆ వాగు వైపు తల తిప్పి చూడనని ఒట్టు కూడా పెట్టుకుంది, ఒట్టు నిలబెట్టుకుంది.

ఆగస్టులో ఆమోస్ పోయాడు. గోడ పేరుస్తూ చేతిలో రాయితోనే కూలిపోయాడు. అప్పటికి తేనెపెట్టెలు బీడు మీద ఉన్నాయి. హెదర్ పూసే వేళకు ఏటా వాటిని అక్కడికి చేరుస్తారు. యజమాని చనిపోతే పెట్టెకు నల్ల రిబ్బను కట్టి, ఈగలకు కేకు ముక్క పెట్టి, ఇంటి తాళంచెవితో పెట్టె మీద తట్టి ఆ కబురు చెప్పాలి. ఇకమీదట మీ యజమాని ఫలానా అని పేరు కూడా చెప్పాలి. చెప్పకపోతే ఈగలు లేచిపోతాయని, లేదా చస్తాయని అక్కడివాళ్ల నమ్మకం. చెప్పవలసింది భార్య.

హెస్టర్ వెళ్లలేదు.

“వదినా, ఈగలకి ఇంకా చెప్పలేదంటగా?” అని లెట్టీ వచ్చి అడిగింది.

“మోకాళ్లు నొప్పులే.”

“మొన్న సంతకి పోయినప్పుడు లేవా నొప్పులు?”

“నాతో కంటే వాటితోనే ఎక్కువ మాట్లాడేవాడు మీ అన్న. ఆయనే చెప్పి పోవాల్సింది.”

“చచ్చినోడి మీద కూడా ఏడుపేనా నీకు? తేనె పోతే పోయింది, నలుగురూ ఏమనుకుంటారు?”

నలుగురి మాట పని చేసింది. కానీ హెస్టర్ మనసులో ఇంకో మాట కూడా ఉంది. ఆ చుట్టు ఎంతసేపు పడుతుందో తన కాళ్లతో తనే తేల్చుకోవాలి. ఆదివారం చర్చి మొదటి గంట కొట్టగానే ఇంటి తాళంచెవి జేబులో వేసుకుని గుట్టెక్కింది.

బీడంతా ఊదా రంగులో ఉంది. ఆమె పూలకేసి చూడలేదు, కాళ్లకేసి చూసుకుంటూ నడిచింది. ఆమోస్ కట్టిన గోడ చాటున తేనెపెట్టెలు కనబడ్డాయి. ఒక్కొక్క పెట్టెకూ నల్ల రిబ్బను కట్టి ఉంది. గుమ్మాల దగ్గర కేకు ముక్కలు చీమలు పట్టి ఉన్నాయి.

ఎవరో ముందే వచ్చి చెప్పేశారు. ఆ ఎవరో ఎవరో హెస్టర్‌కు తెలుసు. పెళ్లాం బతికుండగా మొగుడి చావుకబురు ఇంకొకతె మోసిందా అని ఒళ్లంతా భగ్గుమంది. రిబ్బన్లన్నీ పీకి జేబులో కుక్కుకుంది. పెట్టెల చిన్న కన్నాల్లోంచి ఈగలు పనిమీద వచ్చిపోతూనే ఉన్నాయి.

మోకాళ్లనొప్పి మరిచి లోయలోకి దిగింది. ఓక్ చెట్ల నీడలోంచి వాగు ఒడ్డుకు వచ్చి నిలబడిపోయింది. వంతెన ఉండాల్సిన చోట నాచు పట్టిన రెండు రాతి మొండేలు ఉన్నాయి. పక్కనే గేటు లోపల ఫీబీ కోళ్లకు గింజలు వేస్తోంది.

“వంతెనేదీ?” అంది హెస్టర్. ముప్పై ఏళ్ల తర్వాత ఫీబీతో అన్న మొదటి మాట అది.

“ఏం వంతెన? నీ పెళ్లయిన ఏడే వరదకి పోయిందిగా. వచ్చే ఏడు కడతాం, వచ్చే ఏడు కడతాం అంటానే ఉన్నారు.”

వరద హెస్టర్‌కు గుర్తుంది. మళ్లీ కట్టేసి ఉంటారనుకుంది.

“మరి దాటేదెట్టా?”

“పైన మిల్లు దాకా పోయి, అక్కడ దాటి, అవతలి ఒడ్డున మళ్లీ కిందికి రావాలి. గంట పడుద్ది. ఆమోస్ అట్టాగే పోయేవాడు.”

హెస్టర్ రాతి మొండెం మీద కూలబడింది. ఇక దాచి ఏం లాభం? “నీ ఇంట్లోకి వచ్చేవాడా?” అని అడిగేసింది.

“ఇంట్లోకా? గేటు దగ్గర టోపీ ఎత్తేవాడు, అంతే. టీ తాగిపోవయ్యా అంటే, ‘హెస్టర్ వండి పెట్టుంటది, అసలే ఆలస్యమైంది’ అనేవాడు. ఎప్పుడూ అదే పాట. నీ పేరు వింటే నాకు ఒళ్లు మండేది, తెలుసా?”

“రిబ్బన్లు నువ్వేగా కట్టింది?”

“నువ్వు రాకపోతివి. ఎన్నాళ్లని చూస్తా?”

“కొత్త యజమాని ఎవరని చెప్పావు వాటికి?”

ఫీబీ గింజల గిన్నె కింద పెట్టింది. “నీ పేరే. నా పేరు నాలిక చివరిదాకా వచ్చింది. మా ఇంటి తాళంచెవి పట్టుకుని చాలాసేపు నిలబడ్డా. కానీ ఆయన ఈగలవి, వాటికి అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.”

హెస్టర్ జేబులోంచి రిబ్బన్లు తీసి గేటు మీద పెట్టింది. “మళ్లీ కట్టు. నేనే పీకాను.”

“పీకుతావనే అనుకున్నా,” అంది ఫీబీ.

తనను చూసి ఒకతె ఇన్నేళ్లు కుళ్లిందని తెలిస్తే హెస్టర్‌కు పండగ కావాలి. కాలేదు. ఎవరి మీద మండిపడాలో తెలియక వాగు వెంట పైకి నడిచింది. దారంతా రాళ్లు, వేళ్లు, ఎక్కుడు. మిల్లు దగ్గర దాటి కిందికి దిగుతుంటే ఊరి చర్చి వాకిలి కనబడింది. జనం ఎప్పుడో ఇళ్లకు పోయారు. ఆమె కాళ్లు వాటంతటవే వడివడిగా పడ్డాయి. ఆమోస్ ఆదివారాలు ఒళ్లంతా చెమటతో, రొప్పుతూ ఇంట్లోకి వచ్చేవాడు. ఆ చెమటకు ఆమె ఇన్నాళ్లూ వేరే అర్థం చెప్పుకుంది. పాపం, మనిషి ఈ గంటంతా పరుగెత్తుకుంటూ వచ్చేవాడు.

తనూ రొప్పుతూనే వచ్చి తలుపు తీసింది. ఇంతసేపూ ఎక్కడున్నావని అనుమానపడే మనిషి లోపల ఎవరూ లేరు.