నా తల మీద పెట్టిన ఒట్టు

నేను పనిచేసే గదిలోకి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మూడు వాసనలు వస్తూ పోతూ ఉంటాయి. ఆసుపత్రిలో ఒక మూల గది అది. మందు మానాలనుకునేవాళ్ళను, గుట్కా మానాలనుకునేవాళ్ళను, బీడీ సిగరెట్లు మానాలనుకునేవాళ్ళను కూర్చోబెట్టి మాట్లాడి, పేర్లు పుస్తకంలో రాసుకుని, వారానికోసారి వచ్చి కనబడమని చెప్పి పంపడం నా ఉద్యోగం. మందు వాసన మనిషి కంటే ముందే పుల్లగా లోపలికి వస్తుంది. గుట్కా వాసన తియ్యగా, పెళ్ళికి సెంటు పూసుకొచ్చినట్టు ఉంటుంది. ఈ రెండింటికీ నా ముక్కు ఎప్పుడో అలవాటు పడిపోయింది. బీడీ వాసనకు మాత్రం ఇన్నేళ్ళ ఉద్యోగం తరువాత కూడా పడలేదు. చెమటకు తడిసి ఆరిన చొక్కాలోంచి ఆ కాలిన ఆకు వాసన వచ్చిందంటే చాలు, నాకు మళ్ళీ ఎనిమిదేళ్ళు వచ్చేస్తాయి. నెత్తి మీద ఎవరో చెయ్యి పెట్టినట్టు బరువుగా అవుతుంది. ఎదుటి మనిషి చెబుతున్నది కాసేపు వినబడదు.

మాది ధర్మవరంలో నేతగాళ్ళ వీధి. నాయన పట్టుచీరలు నేసేవాడు. ఇంట్లో సగం మాది, సగం మగ్గానిది. నేలలో తవ్విన గుంటలోకి కాళ్ళు దించి ఆయన పొద్దున్నే కూర్చుంటే, ఈ గోడకు ఆనుకుని పక్కింటి మగ్గం, ఆ గోడకు ఆనుకుని అవతలింటి మగ్గం, వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకటే టకటక. ఆ చప్పుడు ఆగితేనే మేం తల ఎత్తి చూసేవాళ్ళం. బడి నుంచి రాగానే ఆడపిల్లలం రాట్నాల ముందు చేరి, మగ్గం మీద అటూ ఇటూ విసిరే నాడెలో పెట్టే చిన్న కండెలకు పట్టుదారం చుట్టేవాళ్ళం. వేళ్ళకు ఎరుపూ పచ్చా అంటుకుని, ఆ వేళ్ళతోనే ఉగ్గాని తిని, ఆ వేళ్ళతోనే గచ్చకాయలాడేవాళ్ళం. ఆషాఢమంతా గాలి, దుమ్ము. సంగటి ముద్దలో ఇసుక, నంజుకునే ఊరిబిండిలో ఇసుక. మబ్బులు పడమట నుంచి వచ్చి, మా ఊరి మీద కాసేపు నిలబడి, ఏదో మరిచిపోయినట్టు తూర్పుకు పోయేవి. మబ్బును చూసి గంతులేసేది మా వైపు చిన్నపిల్లలే, పెద్దవాళ్ళు తల ఎత్తి చూసేవాళ్ళు కూడా కాదు.

మా వాళ్ళలో ముగ్గురికి మూడు అలవాట్లుండేవి. అవ్వకు, అంటే నాయన తల్లికి, ఆకూవక్కలో పొగాకు. అమ్మకు తమ్ముడైన మామకు సారాయి. నాయనకు బీడీ. ముగ్గురూ నా కళ్ళ ముందే మానారు. ఎవరు ఎలా మానారో చూసినదాన్ని కాబట్టే ఈ ఉద్యోగంలో పడ్డానేమోనని ఇప్పుడు అనిపిస్తుంది.

అవ్వ మానడం ఒక తమాషా. దవడ లోపల పుండు పడి ఎన్నాళ్ళకూ మానకపోతే, ఇంక పొగాకు నోట్లో వేశావంటే దవడే కొయ్యాలని డాక్టరు చెప్పాడు. ఆ సాయంత్రమే నడుముకున్న సంచిలోంచి పొగాకు తీసి పక్కింటావిడ చేతిలో పోసేసింది. మళ్ళీ ముట్టలేదు. కానీ దవడ ఊరుకోవాలి కదా. నెలల తరబడి ఖాళీ నోరు నములుతూనే ఉండేది, నిద్రలో కూడా. దేని రుచీ తెలిసేది కాదు. ఆ కోపమంతా అమ్మ మీద. “ఏమ్మే, పులుసులో ఉప్పెయ్యల్యా?” అని రోజూ పేచీ. అమ్మ ముఖం తిప్పుకుని నవ్వుకునేది, చిటికెడు వేసినట్టు చెయ్యి ఆడించేది. “ఇప్పుడు సరిపోయింది” అనేది అవ్వ.

మామది కుందుర్పి వైపు పల్లె. మెట్ట చేను, చెనిక్కాయ, అంటే వేరుశెనగ పంట, వానొస్తే కాయ, రాకపోతే కట్టె. ఆయన ఏటా మాల వేసుకుని నలభై ఒక్క రోజులు నిప్పులాగా ఉండేవాడు. మాల తీసిన సాయంత్రమే సారాయి అంగడి ముందు కనబడేవాడు. అందరూ అన్ని రకాలుగా చెప్పి విసిగిపోయారు. చివరికి ఆయన మానింది ఒక ఎద్దు వల్ల. ఎండాకాలం సెలవులకు నేను అక్కడున్నప్పుడు, ఒకరోజు ఆయన తాగి చెట్టు కింద పడిపోతే, ఎండలో కట్టేసిన ఎద్దు రోజంతా నీళ్ళు లేకుండా నిలబడి నిలబడి కూలిపోయింది. మళ్ళీ లేవలేదు. తాగడం ఆపేశాక మామ చేతులు వణికాయి, వాంతులయ్యాయి, లేని మనుషులతో మాట్లాడాడు. అయితే ఊరు ఊరంతా ఆయన వెంట నిలబడింది. ఒకరు మజ్జిగ తెచ్చారు, ఒకరు పక్కన పడుకున్నారు, సాయంత్రం అంగడి వేళకు ఇద్దరు చెరో పక్క ఉండి చేని చుట్టూ నడిపించారు. మందు మానేవాడి బాధ పైకి కనబడుతుంది. కనబడే బాధకు లోకంలో చుట్టాలెక్కువ.

బీడీ మానేవాడి దగ్గరికి ఎవరూ మజ్జిగ తీసుకుని రారు.

మగ్గం ఉన్న ఇంట్లో బీడీకి ఒక కట్టడి ఉండేది. పట్టు దగ్గర నిప్పు పనికిరాదు కాబట్టి, నేతగాళ్ళంతా బయట వీధి బండ మీద కూర్చునే తాగాలి. సగం తాగి, బండకు రాసి ఆర్పి, మిగిలిన ముక్కను చెవి సందున దోపుకుని లోపలికి వచ్చేవాళ్ళు. నాయన చెవి సందున ఎప్పుడూ ఒక ముక్క ఉండేది. నాకు ఎనిమిదేళ్ళున్న ఆ ఏడు, ఒక పెళ్ళిచీర తొందరగా కావాలంటే నాయన సరిగా ఆర్పకుండానే ముక్కను దోపుకుని మగ్గం ఎక్కాడు. వంగి దారం అతికేటప్పుడు ఒక నిప్పురవ్వ రాలింది. చెంగు మీద నువ్వుగింజంత కంత. అంతే. పదిహేను రోజుల చీర. చీర నెయ్యమన్నవాళ్ళు ఆ కంత మీద వేలు పెట్టి చూసి, చీర తీసుకోకుండానే వెళ్ళిపోయారు.

అమ్మ పొయ్యి ముందు కూర్చుని ఏడుస్తుంటే నాయన చాలాసేపు నిలబడి చూశాడు. తరువాత రాట్నం దగ్గరున్న నన్ను పిలిచి, కుడిచెయ్యి నా తల మీద పెట్టాడు.

“ఈ బిడ్డ తల మీద ఒట్టు. ఇంగ బీడీ ముట్టను.”

మా వీధిలో అంతకు మించిన ఒట్టు లేదు. దేవుడి మీద పెట్టినవి తప్పినా దండం పెట్టుకుని సర్దుకునేవాళ్ళు కానీ, బిడ్డ తల మీద పెట్టింది తప్పితే ఆ బిడ్డ దక్కదు. ఇది పిల్లలకు కూడా తెలుసు. నాకు మొదట గర్వంగా ఉండింది. వీధిలో అందరూ నన్ను చూసి, “ఈ పాప మీదేనా ఒట్టు పెట్టినాడు?” అని అడుగుతుంటే, జడ ముందుకేసుకుని నడిచాను.

నాయన బీడీ మానిన ఆ రోజుల్లో ఎవరికీ ప్రాణం మీదికి రాలేదు, కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. “బీడీదేముందప్పా, అదేమన్నా సారాయా? ఇడిస్తే పోతాది” అని పక్కింటాయన నవ్వాడు. నాయన మాత్రం నాడె తప్పు విసిరేవాడు. దారాలు తెంపేవాడు. బొరుగులు, లవంగాలు, వేయించిన చెనిక్కాయలు దోసిట్లో పెట్టుకుని కూర్చునేవాడు. చెయ్యి ఊరికే చెవి దగ్గరికి పోయి, ఏమీ దొరక్క వెనక్కి వచ్చేది. చిన్న మాటకు అరిచేవాడు. అరిచాక బయటికి పోయి, ఉత్త చేతులతో బండ మీద కూర్చునేవాడు.

పన్నెండో రోజు మధ్యాహ్నం నేను గచ్చకాయల కోసం వీధి చివర ముళ్ళమట్టల కిత్తనార కంచె వెనక్కి వెళ్ళాను. వాసన ముందు వచ్చింది. నాయన గొంతుక్కూర్చుని, కళ్ళు మూసుకుని, దవడలు లోపలికి పోయేలా బీడీ పీలుస్తున్నాడు. పాలు తాగే పసిబిడ్డ ముఖంలా ఉంది ఆయన ముఖం. అంత హాయి ఆ ముఖంలో నేను ఇంట్లో ఎన్నడూ చూడలేదు. నన్ను ఆయన చూడలేదు. నేను చప్పుడు చెయ్యకుండా వెనక్కి వచ్చేశాను. నేను చచ్చిపోయినా పరవాలేదనుకున్నాడా? ఆ ఒక్క ప్రశ్నే అడుగుతూ ఇంటి దాకా నడిచాను.

ఎవరికీ చెప్పలేదు. చెబితే అమ్మ ఏడుస్తుంది. చావు ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి, నా గచ్చకాయలన్నీ పక్కింటి పిల్లకు ఇచ్చేశాను. ఉగాది వచ్చింది. అమ్మ పూర్ణం పెట్టి ఓళిగలు కాల్చి, కాగిన నెయ్యి పోసి ముందు నాకే పెట్టింది. ఇదే ఆఖరి పండగ అనుకుంటూ ఐదు తిన్నాను. ఇప్పుడు చెబుతుంటే నవ్వొస్తుంది కానీ, ఆ నెల రోజులు నేను పడుకోబోయే ముందు ప్రతిసారీ ఇంటిని ఒకసారి కలయజూసి కళ్ళు మూసుకునేదాన్ని.

ఎండలు ముదిరాక నాకు అమ్మవారు పోసింది. ఒళ్ళంతా పొక్కులు, మంట లాంటి జ్వరం. చుట్టూ వేపమండలు. ఒక మధ్యాహ్నం అమ్మ నీళ్ళకు పోయింది. నాయన పక్కన కూర్చుని ఒక చేత్తో వేపమండ విసురుతూ, రెండో చెయ్యి నా తల మీద వేసి నిమురుతున్నాడు.

“నాయనా,” అన్నాను. “నువ్వు తాగినావు గదా. కంచె ఎనకాల చూసినా. అందుకే నాకు జరమొచ్చింది.”

వేపమండ ఆగిపోయింది. తల మీద చెయ్యి కాసేపు అలాగే ఉండి, మెల్లగా లేచిపోయింది. అలా కాదమ్మా అని ఆయన అనలేదు. నీకేం కాదు అని కూడా అనలేదు. అనుంటే ఎంత బాగుండేదో అని నేను ముప్పై ఏళ్ళు అనుకున్నాను. కానీ ఆయన కూడా అదే నమ్మాడు, నాకంటే గట్టిగా నమ్మాడు. లేచి బయటికి పోయి, నెత్తిన నీళ్ళు పోసుకుని, తడిబట్టతో వచ్చి గడప అవతలే కూర్చున్నాడు.

నాకు తగ్గిపోయింది. ఆయన ఆనాటి నుంచి బీడీ ముట్టలేదు. వీధి వీధంతా మెచ్చుకుంది, మొండి పట్టుదల అంది. బండ మీదికి పోవడం కూడా మానేశాడు. నాకు పెళ్ళీడు వచ్చాక కూడా, ఎవరైనా బీడీ ముట్టించి పక్క నుంచి పోతే నాయన నడక ఒక అడుగు తగ్గేది, మళ్ళీ సర్దుకునేది. నేను తప్ప ఎవరూ దాన్ని గమనించలేదు.

ఇంకోటి కూడా ఎవరూ గమనించలేదు. ఆయన మళ్ళీ నా తల మీద చెయ్యి పెట్టలేదు. పరీక్ష పాసై కాళ్ళకు దండం పెట్టినప్పుడు చేతులు జోడించాడు. పెళ్ళిలో అక్షింతలు నా భుజం మీద వేశాడు. “తల మీద వేయండి” అని అయ్యవారు రెండుసార్లు చెప్పినా వినబడనట్టు పక్కకు తప్పుకున్నాడు. నా మాటతో ఆయనను బాగు చేశానో, శిక్షించానో నాకు ఈ రోజుకూ తెలియదు. శిక్షించాననే ఎక్కువసార్లు అనిపిస్తుంది.

ఏది మానడం కష్టం మేడం, అని నా గదికి వచ్చేవాళ్ళు అడుగుతారు. మందు ఒక్కసారిగా ఆపితే ప్రాణానికే ముప్పు, డాక్టరు దగ్గర ఉండి మానాలి, అని చెబుతాను. బీడీ మానితే ఎవరూ చావరు. అందుకే ఎవరూ దాన్ని లెక్క చెయ్యరు, మానేవాడు సిగ్గుపడి దాచుకుంటాడు, అని కూడా చెబుతాను. మిగిలింది చెప్పను.

నాయన పోయి మూడేళ్ళు. చివరి నెలల్లో మనుషులను గుర్తుపట్టేవాడు కాదు. నన్ను ఆసుపత్రి మనిషి అనుకునేవాడు, అది ఒక రకంగా నిజమే. మంచం మీద పడుకుని, కుడిచేత్తో చెవి సందున వెతుక్కునేవాడు. ఒకరోజు చూడలేక, “బీడీ కావాల్నా నాయనా?” అని అడిగాను. కావాలంటే ఆ రోజు నేనే ముట్టించి ఇచ్చేదాన్ని.

“వద్దమ్మా,” అన్నాడు గాబరాగా. “ఇంట్లో బిడ్డకు జరముండాది.”

ఆ బిడ్డను నేనేనని చెప్పబోయాను. చెప్పకుండా, చెవి దగ్గరున్న ఆయన చేతిని పట్టుకున్నాను.

ఇప్పుడా వీధిలో గుంటమగ్గాలు రెండో మూడో ఉన్నాయంటారు. మిగతా ఇళ్ళలో కరెంటు మగ్గాలు. వాటి చప్పుడుకు మనిషి ఊపిరి ఉండదు. బండ మురిక్కాలువ కిందికి పోయింది. కిత్తనార కంచె కొట్టేసి ప్లాట్లు వేశారు. అవ్వ లేదు, మామ లేడు, పట్టు రంగంటిన వేళ్ళతో వీధిలో ఆడే పిల్లలు లేరు. ఒట్లు మాత్రం పోలేదు.

మొన్న పామిడి నుంచి ఒకాయన వచ్చాడు, లారీ డ్రైవరు. వెంట ఏడెనిమిదేళ్ళ కూతురు. రోజుకు రెండు కట్టల బీడీలు తాగుతాడట. చెప్పాల్సినవన్నీ చెప్పి, మళ్ళీ వారం రమ్మన్నాను. లేస్తూ లేస్తూ ఆయన చెయ్యెత్తి ఆ పిల్ల తల మీద పెట్టబోయాడు.

“మేడం, ఈ బిడ్డ మింద...”

నేను ఎప్పుడు లేచానో తెలియదు. బల్ల మీదుగా వంగి ఆయన మణికట్టు పట్టుకున్నాను. ఆయన బిత్తరపోయాడు.

“ఒట్టు వద్దన్నా. తాగితే తాగినానని వచ్చి నాకు చెప్పు. ఎన్నిసార్లు తప్పినా ఫరవాల్యా, మళ్ళా రా. బిడ్డను దీంట్లోకి తేవద్దు.”

తరువాత ఆ పిల్ల ముందు కూర్చుని, “మీ నాయన బీడీ తాగినా నీకేం కాదమ్మా” అన్నాను.

పిల్ల వాళ్ళ నాయన వైపు ఒకసారి చూసి, నా చెవి దగ్గరికి వంగింది.

“పోయినసారి పెట్టిన ఒట్టుకు కూడానా?”

“దానికి కూడా ఏం కాదు,” అన్నాను. ఆ పిల్ల పెద్దగా ఊపిరి వదిలింది.