అమ్మ ముఖానికి చోటు

మా అమ్మ ముఖం నాకు తెలియదు. నేను పాలు మరవకముందే పోయింది. ఫోటోలు తీయించుకునే ఇల్లు కాదు మాది. ఆ ముఖం చూసి గుర్తు పెట్టుకున్న మనిషి ఇప్పుడు ఒక్కతే మిగిలింది, పెనుకొండలో ఉన్న మా అక్క. ఆమెకు కంటి నరం ఎండిపోతోందని, చూపు ఎక్కువ కాలం నిలవదని పుట్టపర్తి ఆసుపత్రిలో చెప్పారు. పోయిన చూపు తెచ్చే మందు లేదన్నారు.

ఇంటికొచ్చి, బొమ్మలు వేయడం నేర్చుకుంటానన్నాను. అందరూ నవ్వారు. యాభై దాటాక అక్షరాలు దిద్దినప్పుడూ ఇట్లాగే నవ్వారు. వాళ్ల మాట వినుంటే ఈ పూటకూ వేలిముద్రే వేస్తుండేదాన్ని.

హిందూపురంలో ఒక డ్రాయింగు మాస్టారు ఆదివారాలు మేడ మీద గదిలో ఆయిల్ పెయింటింగు నేర్పుతారని తెలిసి, మా ధర్మవరంలో ప్యాసింజరు ఎక్కాను. గదినిండా కాలేజీ పిల్లలు. మొదట్లో చెంబు వేయించారు, వంకాయ వేయించారు. రంగుల్లో కలిపే అవిసె నూనె, టర్పెంటైన్ వాసనలు నా కొంగు పట్టుకుని ధర్మవరం దాకా వచ్చేవి. ఈ రంగు ఒక పట్టాన ఆరదు. పోయిన వారం వేసింది ఈ వారం కూడా వేలికి అంటుతుంది. నాకు అది నచ్చలేదు. పని అయిపోయిందంటే అయిపోవాలి.

చేతికి కాస్త కుదురు రాగానే అమ్మ బొమ్మ ఎత్తుకున్నాను. అక్క గుర్తులు చెప్పింది. ఆకుపచ్చ చీర, ఎర్ర అంచు, పెద్ద బొట్టు, నడిమికి తెగిన ఎడమ కనుబొమ. ముందు బొమ్మంతా పలచటి రంగుతో గీసుకుని, తర్వాత దాని మీద పని చేయమన్నారు మాస్టారు. సరే సార్ అన్నాను. నా చెయ్యి వినలేదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి మగ్గం మీద ఉన్న చెయ్యి. మగ్గంలో ఒక కొస నుంచి మొదలుపెట్టి పోగు తర్వాత పోగు నేసుకుంటూ పోతాం. తప్పొస్తే కాస్త వెనక్కి విప్పుతాం, అంతే. నేసి కర్రకు చుట్టేసిన దాని మీద మళ్లీ చెయ్యి పడదు. అదే వరసలో కాన్వాసు అడుగు నుంచి మొదలుపెట్టి, బెత్తెడు బెత్తెడు పూర్తి చేసుకుంటూ పైకి పోయాను.

మాస్టారు వచ్చి వెనక నిలబడ్డారు.

"ముఖం యాడమ్మా?"

"వస్తాది సార్. ఇంకా పైట కాడే ఉండా."

"బొమ్మ ఏస్తాండారా, చీర నేస్తాండారా?"

పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను. మెడ దాటేసరికి పైన జానెడు కూడా మిగల్లేదు. దాంట్లోనే ముఖం ఇరికించాను.

పచ్చి రంగు ఎవరికీ తగలకుండా రైల్లో నిలబడే పెనుకొండ దాకా తెచ్చాను. అక్క దాన్ని గడపలో వెలుతురుకు పెట్టించుకుంది. అప్పటికే ఆమె చూపు గొట్టంలోంచి చూసినట్టయింది. తల ఇటూ అటూ తిప్పుతూ ముక్క ముక్కగా వెతుక్కుంటూ చూసింది.

"చీర అమ్మదే. నుదురు యాడే?"

"చోటు సాల్లేదక్కా."

"చీరకు సాలిందే."

బొమ్మను మళ్లీ ఎత్తుకుని బయల్దేరాను.

తర్వాతి ఆదివారం మాస్టారికి చూపించాను. ముఖం కిందికి దింపాలి, అంటే పైటా, భుజం మీది అంచూ పోవాలి అన్నారు. రంగు గీకే కత్తి నా చేతికిచ్చారు.

"మీరే గీకండి సార్."

"మీరు వేసింది మీరే తీయాలమ్మా. ఆరని రంగు, బాగానే వస్తాది."

బొమ్మంతటిలో నాకు బాగా కుదిరింది ఆ అంచే. కత్తి ఆనించి చాలాసేపు అట్లాగే ఉన్నాను. నేసిన చీరను కత్తెరతో కోస్తున్నట్టే ఉంది. గీకాను. ఎరుపూ పచ్చా కలిసి కత్తి మీద బురద రంగు పేరుకుంది. గుడ్డతో తుడిచాను. కాన్వాసు మీద మురికి నీడ మిగిలింది.

కాన్వాసూ రంగులూ మూటగట్టుకుని పెనుకొండలో దిగిపోయాను. ఆ నెలంతా ధర్మవరం పోలేదు. పొద్దున ఎండ గడపలోకి వచ్చే వేళకు అక్క కూర్చునేది. ఈసారి మాస్టారు చెప్పినట్టే ముఖమంతా పలచగా గీసుకున్నాను. అక్క చెప్పేది, నేను వేసేదాన్ని, కాదంటే తుడిచేదాన్ని.

"నుదురు ఇంకా పైకి పోనీ. ఇంకా. ఏమే, అమ్మకు తల లేకుండా చేస్తివి, ఇప్పుడు నుదురిచ్చేదానికీ పిసినారితనమా?"

రోజురోజుకూ ఆమె కాన్వాసుకు దగ్గరగా జరుగుతూ వచ్చింది. చివరికి ఆమె ముక్కుకు రంగంటింది. ఒక పొద్దున తెగిన కనుబొమ వేసి పక్కకు తప్పుకున్నాను. అక్క చూసింది. కొంగుతో ముఖం తుడుచుకుని మళ్లీ చూసింది.

"ముక్కు కొంచెం తప్పు. కానీ అమ్మే. సాలు, ఇంక ముట్టొద్దు."

ముట్టలేదు.

ఇప్పుడు అక్కకు పగలూ రాత్రీ ఒకటే. బొమ్మ ఆమె గోడకే ఉంది. మెడ కింద చీర సగంలోనే ఆగింది, అంచు లేదు. మొన్న పోయినప్పుడు అడిగింది.

"చీర ముగించినావా?"

"లేదక్కా."

"మంచిపని చేసినావు. నువ్వు చీర పడితే ముఖానికి చోటు మిగలదు" అంది.