గుమ్మం దగ్గరి చెప్పులు

జగ్గయ్యపేట చీరల కొట్లో ఏళ్ల తరబడి పరుపు మీద కూర్చుని చీరలు విప్పి చూపించినదాన్ని. నందిగామలో కొత్త బ్రాంచి తెరిచి నన్ను అక్కడికి మార్చినప్పుడే అనుమానం వచ్చింది. పాతవాళ్లను ఊరికే మారుస్తారా? పైగా కొత్త మేనేజరు, నా తమ్ముడికన్నా చిన్నవాడు, వస్తూనే గుమ్మం పైన నా పరుపుకేసి కెమెరా బిగించాడు.

"దొంగల కోసం కాదండి. మిమ్మల్ని మీరు చూసుకుంటే పని మెరుగుపడుద్ది. కాలాన్నిబట్టి మనమూ మారాలి కదండి" అన్నాడు.

ఆ తియ్యటి మాటలు నేను నమ్మలేదు. అన్నం తినేటప్పుడు, నాతో పనిచేసే, పరిటాల నుంచి వచ్చే అమ్మాయి మెల్లగా చెవినేసింది.

"కంచికచర్ల బ్రాంచిలో ఇట్టాగే వీడియోలు చూపిచ్చి ఇద్దర్ని ఇంటికి పంపారంట వదినా."

క్యారేజీ మూత పెట్టేశాను. ఇల్లు గడిచేది నా జీతంతోనే. ఈ వయసులో నన్ను ఇంకెవరు పెట్టుకుంటారు?

ఒక సాయంత్రం మేనేజరు పిలిచి వీడియో పెట్టాడు. ఆవలించడమో, కాళ్లు చాపుకోవడమో పట్టుకుని ఉంటాడనుకున్నాను. అవేవీ కావు. ఎవరు లోపలికొచ్చినా నా చూపు ముందు గుమ్మం దగ్గర విడిచిన చెప్పుల మీదికి పోతోంది. ఆ తర్వాతే చెయ్యి అర వైపు కదులుతోంది. మంచి చెప్పులైతే పై అర, అరిగినవైతే కింది అర. అది నా పనితనమనే ఇన్నాళ్లూ మురిసిపోయాను.

ఒకావిడ పై అరలోని పట్టుచీర వైపు రెండుసార్లు చెయ్యి చూపించింది. నేను తలెత్తకుండా కింది అరలోవే విప్పుతున్నాను. ఆవిడ లేచి, గుమ్మం వైపు తిరిగి వెళ్లిపోయింది. ఆవిడ హవాయి చెప్పులు నాకు బాగా గుర్తు. మొహం మాత్రం ఆ వీడియోలోనే చూశాను. చాలా సిగ్గేసింది.

"చూశారా? మీరు నవ్వట్లేదండి" అన్నాడు మేనేజరు.

అతను చూసింది అంతే. నిజంగా అంతేనా, చెప్పుల సంగతీ పసిగట్టాడా అని కూడా అనుమానించాను.

మర్నాడు గుమ్మానికి వీపు పెట్టి కూర్చున్నాను. ఎవరో తల్లీకూతుళ్లు వచ్చి ఎదురుగా కూర్చున్నారు. ఏ అరలోంచి తియ్యాలో చేతికి తోచలేదు. కొత్తగా చేరినదానిలా, "ఎట్టాంటివి చూపిచ్చమంటారమ్మా?" అని అడిగాను.

కౌంటరు దగ్గర స్క్రీన్ చూస్తున్న మేనేజరు గొంతు మారింది.

"అటు తిరిగారేంటండి? మీ మొహం కనపడట్లా."

అయినా తిరగలేదు.

"వీళ్లకి కనపడతందిలెండి" అన్నాను.