పొయ్యిలో పడిన గుడ్డ

పెద్దమ్మ ఓడ దిగి ఇరవై రెండేళ్లయింది. మిషన్ వాళ్లు పంపిన ఆవిడ అసలు పేరుకి నోరు తిరగక పిల్లలు పెట్టుకున్న పిలుపు అది. పెళ్లీ పెటాకులూ లేవు గానీ, ఆవిడ నడిపే అనాథాశ్రమంలో నలభై మంది పిల్లలు ఎప్పుడూ ఆవిడ చుట్టూనే. మన భాష అంటారా, నేర్చుకుంది పాపం. కోపమొస్తే మాత్రం సగం మాటలు గొంతులోనే ఉండిపోతాయి!

ఆవిడ భయమల్లా అంటురోగమే. వచ్చిన మొదటి ఏడాదే విషజ్వరం ఐదుగురు పిల్లల్ని పొట్టనబెట్టుకుంది. అప్పట్నుంచీ ఒకటే పట్టు: కొత్త పిల్ల గడప దాటగానే జుట్టు కత్తిరించాలి, సబ్బుతో రుద్ది స్నానం చేయించాలి, వెంట తెచ్చిన గుడ్డలన్నీ పెరటి పొయ్యిలో పడెయ్యాలి. ఉతికిన గౌను సిద్ధంగా ఉంటుంది. ఇంకేం కావాలి అనుకునేది.

ఒక సోమవారం ఆరేళ్ల పిల్ల ఒకతె వచ్చింది. చంకలో మాసిన గుడ్డ ముక్క. పెద్దమ్మ తన చేత్తోనే లాక్కుని పొయ్యిలో వేసింది. పిల్ల కెవ్వుమంది. ఆ తర్వాత మూసుకున్న నోరు మూసుకున్నట్టే! పాలు ముట్టదు, గంజి ముట్టదు, పలకదు. మూడోరోజుకి లేచి నిలబడలేకపోయింది. డాక్టరు వచ్చి చూసి, "జబ్బేం లేదు. ఇవాళ కూడా తినకపోతే మాత్రం దక్కదు" అని చెప్పి వెళ్లాడు.

పెద్దమ్మ మోకాళ్ల మీద ప్రార్థనలో ఉండగా వంటామె వచ్చింది. ఆ మహాతల్లికి ఎవరన్నా జంకు లేదు.

"అమ్మగారూ, దేవుడికి తర్వాత చెప్పుకుందురుగాని, ముందు ఆ పిల్లకి చెప్పుకోండి. అది చచ్చిపోయిన వాళ్లమ్మ ఒంటిమీది గుడ్డట. పిల్లని తెచ్చి దింపిన ముసలాయన, ఎలా ఉందో చూసిపోదామని వచ్చి ఇప్పుడే చెప్పాడు."

పెద్దమ్మ గబుక్కున లేచింది. ఇన్నేళ్లలో ఇలాంటివి ఇంకెన్ని కాల్చిందో! వెళ్లి పిల్ల మంచం పక్కన నేలమీద కూలబడింది.

"తప్పు చేశాను తల్లీ. అడగాల్సింది. అడగలేదు" అని వెక్కి వెక్కి ఏడ్చింది.

పిల్ల ఆవిడ మొహంలోకి చూసింది. "ఇంకెవరిదీ కాల్చవు కదా?" అంది, వినీవినపడనట్టు.

"కాల్చను. మరిగే నీళ్లలో ఉడకబెడతాం. రోగం పోతుంది, గుడ్డ ఉంటుంది."

పిల్ల చెయ్యి చాపింది. "ఒట్టెయ్యి."

ఒట్లు పెట్టుకోవడం పాపమని ఇరవై రెండేళ్లుగా ప్రతి ఆదివారం బోధించిన మనిషి, ఆ చిన్న చేతిలో చెయ్యేసి ఒట్టేసింది. గుమ్మంలో వంటామె నోరెళ్లబెట్టింది.

పిల్ల ఆమె వైపు తిరిగింది.

"గంజి ఉందా?"