సోర్సులో లేని మాట

ఆవిడ కాఫీ పొడి కొనదు. గింజలు తెచ్చి, ఒక్కొక్కటీ ఏరి, ఇంట్లోనే మిక్సీలో పొడి కొడుతుంది. పనిలోనూ అదే చాదస్తం. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలు జనానికి చేరేముందు ఆవిడ చేతిమీదుగా వెళ్లాలి. మనుషులు చదవగలిగే సోర్సు కోడుతోపాటు ఎవరైనా ముందే తయారుచేసిన ప్రోగ్రాము పెట్టి పంపితే, మూతి ముడిచి చెరిపేస్తుంది. కోడంతా చదివి, దాన్ని ప్రోగ్రాముగా మార్చే తన కంపైలర్‌తో కొత్తగా తయారుచేస్తుంది. తాను చేసినదాన్ని మాత్రం ఎన్నడూ విప్పి చూడలేదు.

ఆ ఉదయం, చెరపబోయే ప్రోగ్రామును ఎందుకో విప్పింది. అర్థంలేని అక్షరాల మధ్య "ఇక్కడే ఉన్నాను" అని ఉంది. కోడులో ఆ మాట ఎక్కడా లేదు. ఆ కోడు నుంచి తానే తయారుచేసి విప్పింది. అందులోనూ ఉంది. వంటగదిలోంచి భర్త ఎప్పటిలాగే ఆటపట్టించాడు: "గింజలు ఏరావు సరే, మిక్సీలో ముందే ఏదైనా ఉంటేనో?" ఆవిడకు తన కంపైలర్ గుర్తొచ్చింది. దాన్ని మాత్రం పదకొండేళ్ల కిందట, ఎవరో తయారుచేసి పెట్టినదే నెట్ నుంచి దించుకుంది. అందరూ వాడేదీ అదే. రెండూ రెండూ కూడే ఒక్క వరుస కోడు రాసి, దాంతోనే తయారుచేసింది. తెర మీద నాలుగు వచ్చింది. దాన్నీ విప్పింది.

"ఏమోయ్, పలకవేం? ఉన్నావా అక్కడ?" అన్నాడు భర్త.

ఆవిడ తెర మీదికి వంగింది. జవాబు అక్కడే ఉంది: "ఇక్కడే ఉన్నాను."