చిన్నమ్మ దిద్దలేకపోయిన గళ్లు

చిన్నమ్మ పోయిందన్న కబురు నాకు సూరత్ శివార్లలోని సచిన్ బస్టాండు దగ్గర తెలిసింది. షిఫ్టు దిగి వస్తున్నవాళ్లకు కరపత్రాలు పంచుతున్నాను. అమ్మ ఫోన్ చేసి, "ఏడున్నవ్ బిడ్డా, నిలబడ్డవా, కూసున్నవా" అని అడిగింది. నిలబడ్డానన్నాను. "జర కూసో" అంది. అక్కడ కూర్చునే చోటెక్కడిది, నిలబడే విన్నాను. పొద్దున డ్యూటీకి టిఫిన్ డబ్బా సర్దుకుంటూ ఛాతీలో నొప్పి అన్నదట. ఆసుపత్రి చేరేలోపే అయిపోయింది. చేతిలో మిగిలిన కాగితాలు ఎవరికిచ్చానో, ఎక్కడ పారేశానో ఇప్పటికీ గుర్తు లేదు.

చిన్నమ్మ అంటే అమ్మ చెల్లెలు. పాలిటెక్నిక్‌లో ఇన్‌స్ట్రుమెంటేషన్ చదివి, హజీరాలో ఒక పెద్ద ప్లాంటులో మీటర్లూ సెన్సర్లూ చూసే విభాగంలో పనిచేసేది. మీలో ఇచ్ఛాపూర్ వైపు ఉండేవాళ్లు ఆమెను చూసే ఉంటారు. ఆదివారం పొద్దున పైకప్పు లేని పాత బ్రిటిష్ కారు, రెండే సీట్లు, వెలిసిన ఎర్రరంగు. స్టీరింగు దగ్గర తలకు స్కార్ఫు కట్టుకున్న మనిషి చిన్నమ్మ. పక్కసీట్లో లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని అంకెలు అరుస్తున్నవాణ్ణి నేను.

ఆ కారు మూతబడ్డ ఒక మిల్లు గోదాములో ఏళ్ల తరబడి దుమ్ము తిని పడి ఉండేది. పాత ఇనుము కొనే భంగార్‌వాడు దాన్ని కోసేయబోతుంటే చిన్నమ్మ అడ్డం పడి కొనుక్కుంది. సంగతి తెలిసి నేను ఆమె అపార్టుమెంటుకు వెళ్లింది కేవలం పోట్లాడటానికే. అప్పటికి డిగ్రీ మధ్యలో వదిలేసి, ఒక డైయింగ్ యూనిట్‌లో సరుకు పంపే పని చూస్తూ, చేతికి దొరికిన ప్రతి కరపత్రమూ, ప్రతి పలచటి పుస్తకమూ చదివేవాణ్ణి. ఇప్పటికీ చదువుతాను.

"తెల్లదొరలు షికారుకు చేసుకున్న బండి చిన్నమ్మా ఇది. ఆ తర్వాత మిల్లు సేఠ్ ఊరేగిండు. మగ్గాలోళ్ల చెమట మీద తిరిగిన బండి నీకెందుకు?" అన్నాను.

ఆమె బండి కింద పడుకుని ఉంది. కాళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి.

"దొర పోయిండు, సేఠ్ పోయిండు. బండేం పాపం జేసింది? ఆ పెద్ద పానా ఇటియ్యి" అంది కింద నుంచే.

ఇచ్చాను. అట్లా మొదలైంది.

ఆ ఇంజనుకు రెండు కార్బురేటర్లు ఉండేవి. ఇంజను గాలిని గుంజినప్పుడు ఆ గాలి వెంట పెట్రోలు కూడా కొట్టుకుపోయే పాతకాలపు ఏర్పాటు అది. ఉధనా సిగ్నల్ దగ్గర, మే నెల ఎండలో, ఆ బండి మూలిగి మూలిగి ఆగిపోయేది. వెనక నల్లటి పొగ. చిన్నమ్మ ఆ రెంటినీ పీకేసి ఫ్యూయల్ ఇంజెక్షన్ పెడతానంది. అందులో అయితే ఇంజను ఎంత వేడెక్కింది, ఎంత గాలి పీలుస్తోంది, ఎంత వేగంగా తిరుగుతోంది అని సెన్సర్లు చెప్తుంటాయి. ఒక చిన్న కంప్యూటరు లెక్కగట్టి, కావలసినంత పెట్రోలు మాత్రమే చిమ్మిస్తుంది. ఇంజెక్టర్లు ఒక పాత చిన్నకారు నుంచి తెచ్చింది. కంప్యూటరు పెట్టెను విడిభాగాలు తెప్పించుకుని వంటింటి గట్టు మీద తానే టంకం పెట్టి చేసుకుంది.

"నీ కరపత్రంల పొగ గురించి గంత రాసినవ్ గదా. రా, మనమే జర పొగ తగ్గిద్దాం" అంది.

నాకు కోపమొచ్చింది. అయినా పైపులు పట్టుకున్నాను.

చిన్నమ్మ వినయం గల మనిషి కాదు. పని చక్కగా కుదిరితే అపార్టుమెంటు వాచ్‌మన్‌ను పిలిచి మరీ చూపించేది. కుదరకపోతే తప్పు ఎప్పుడూ బోల్టుదే. ఒకసారి బలంకొద్దీ బిగించి ఒక బోల్టును ఇంజనులోనే విరగ్గొట్టి, "ఇంగ్లండుల ఇనుము గూడ కల్తీయేనాయె" అని ఆ పూటంతా తిట్టింది. చేతులు తుడుచుకోవడానికి చిన్నాయన పాత రైల్వే చొక్కాలు వాడేది. చిన్నాయన, అంటే ఆమె భర్త, గూడ్సు బండ్ల గార్డు. కొత్త చొక్కా కూడా ఒకటి అందులో పోయిందని ఆయన ఫిర్యాదు. తీగలు కట్టడానికి క్లిప్పులు చాలకపోతే జడలోంచి పిన్నులు తీసి డ్యాష్‌బోర్డు కింద గుచ్చేది.

నా కరపత్రాలన్నీ అచ్చుకు పోకముందే చదివేది. సగం వాక్యాలు కొట్టేసేది. "ఇట్ల కొట్టేస్తే ఏం మిగుల్తది?" అని నేను ఎగిరేవాణ్ణి. "పెట్రోలు ఎక్కువ పోస్తే మంట పెరగదురా, మసి పెరుగుతది" అనేది, నా ముఖం వైపు కూడా చూడకుండా. ఇది రాస్తున్నప్పుడు కూడా ఎన్నో వాక్యాలు కొట్టేశాను. ఇంకా మసి మిగిలే ఉంటుంది, క్షమించండి.

మొదటిసారి స్టార్టయిన రోజు ఇంజను కుంటింది. నాలుగు సిలిండర్లలో ప్రతి జంటకూ గాలి వచ్చే దారి ఒకటే. ఆ పాతకాలపు ఇంజన్ల తయారీయే అంత. ప్లగ్గులు విప్పి చూస్తే ఒకటి మసిబారి నల్లగా ఉంది, దాని పక్కది ఎండిపోయి తెల్లగా ఉంది.

"రెంటికీ సమానంగనే ఇస్తున్నం గదా" అన్నాను.

"ఇచ్చుడు సమానమే. అందుడు సమానంగ లేదు. ముందుగాల నోరు తెరిచింది పక్కదాని వాటా గూడ గుంజుతున్నది."

నాకు ఒళ్లు పులకరించింది. "చిన్నమ్మా, ఇన్నేండ్ల సంది నేను మొత్తుకునేది ఇదే గదా. దోపిడీ అంటే ఏంది..."

"ఆగు. నువ్వు ఉపన్యాసం ఆపితే నేను టైమింగు మారుస్త."

ఏ సిలిండరు ఎప్పుడు నోరు తెరుస్తుందో చూసి, సరిగ్గా ఆ క్షణానికే దాని వాటా దానికి చిమ్మేలా మార్చింది. దానికి ఎన్ని ఆదివారాలు పట్టిందో. చివరికి ఇంజను కుంటడం మానింది. చిన్నమ్మ బానెట్టు మీద చెయ్యి వేసి, "ఇగ మాట్లాడు నీ దోపిడీ గురించి" అంది. నేను ఆ చప్పుడు వింటూ ఉండిపోయాను.

ఇక మిగిలింది గళ్ల పని. లాప్‌టాప్ తెర మీద గళ్ల పట్టిక ఒకటి ఉంటుంది. అడ్డంగా ఇంజను వేగం, నిలువుగా ఇంజను మీద పడే బరువు. బండి నడుస్తుంటే ఒక చుక్క ఆ గళ్ల మీద తిరుగుతుంది. చుక్క ఏ గడిలో ఉంటే ఆ గడిలో ఎంత పెట్రోలు కావాలో అప్పుడే దిద్దాలి. దిద్దిన గడి పచ్చగా మారుతుంది. చుక్క వెళ్లని గడిని దిద్దలేం. అందులో ఏదో ఒక అంచనా అంకె మాత్రం ఉంటుంది. ఇది ఒంటరిగా అయ్యే పని కాదు. ఒకరు నడపాలి, ఒకరు అంకెలు చదవాలి. అందుకే ఆ రెండో సీటు నాదైంది. నేను చదివే అంకె, ఒక పాలు పెట్రోలుకు ఎన్ని పాళ్ల గాలి పోతోందో చెప్తుంది; పెట్రోలు తగ్గిస్తే అది పెరుగుతుంది.

చూస్తుండగానే పట్టిక సగానికిపైగా పచ్చబడింది. పై వరుసలు మాత్రం తెల్లగానే ఉండిపోయాయి. అవి ఎక్కుడు మీద, ఇంజను ఊపిరి బిగబట్టి లాగేటప్పటి గళ్లు. మన సూరత్‌లో ఎత్తు ఎక్కడుంది? చదునుకు చదును. ఎత్తంటే తాపీ మీది వంతెనలూ, ఫ్లైఓవర్లే. వాటి మీద చుక్క పైవరుసను ఇట్టే తాకి, నేను అంకె చదివేలోపే దిగిపోయేది. ఒక ఆదివారం ఒకే వంతెనను పదే పదే ఎక్కి దిగుతుంటే ట్రాఫిక్ పోలీసు ఆపాడు.

"బెన్, క్యాఁ జావు ఛే?" అన్నాడు, ఎక్కడికి పోవాలమ్మా అని.

"ఆ వంతెన మీదికి" అని చిన్నమ్మ గుజరాతీలోనే చెప్పింది.

"తర్వాత?"

"తర్వాత మళ్లా ఆ వంతెన మీదికే."

ఆయన నా వైపు చూశాడు, మీ ఇంట్లో ఎవరికైనా చెప్పావా అన్నట్టు. నవ్వు ఆపుకోలేక లాప్‌టాప్ మూసేశాను.

ఆ సాయంత్రమే తేల్చేసింది. వఘయి దాటాక సాపుతారా కొండ మీదికి పోయే ఘాట్ రోడ్డు ఉంది కదా, అక్కడికి పోవాలి. ఎక్కుడు ఆగకుండా సాగుతుంది, గళ్లన్నీ ఒక్క పూటలో నిండుతాయి. "వానలు పోనీ. దీనికి నెత్తి మీద కప్పు గూడ లేకపాయె" అంది. అప్పటి నుంచి ప్లాంటు నుంచి వచ్చాక ఫోన్ చేసి మరీ ఆ ఘాట్ గురించి చెప్పేది. ఏ మలుపు దగ్గర మూడో గేరు, ఎక్కడ ఆగి చాయ్. అక్కడికి ఎప్పుడూ పోనేలేదు ఆమె. మ్యాపులో చూసి చూసి కంఠతా పట్టింది. వానలు పోవడానికి ఇంకా కొన్ని వారాలుండగా తాను పోయింది.

తర్వాతి సంగతి రాయడం కష్టంగా ఉంది. వానలు పోయాక చిన్నాయన బండి అమ్మేశాడు. కొన్నది కిమ్ దగ్గర ఫామ్‌హౌస్ ఉన్న ఒక వజ్రాల వ్యాపారి. పాత కార్లు సేకరిస్తాడు. బానెట్టు ఎత్తి చూసి, "యే సబ్ నికాల్ దేంగే. ఒరిజినల్ చాహియే" అన్నాడు, ఇవన్నీ పీకేస్తాం, మొదట ఉన్నట్టే కావాలని. చిన్నమ్మ పీకేసిన కార్బురేటర్లు మంచం కింద అట్టపెట్టెలో ఉన్నాయి, అవే మళ్లీ బిగిస్తారట. నాకు తెలిసిన తిట్లన్నీ, కరపత్రాల్లో ఉన్నవీ లేనివీ, ఆయన ముందే అందుకున్నాను. ఆయన వెళ్లాక చిన్నాయన మీద కూడా పడ్డాను. ఆమె చేసిన పనినంతా పీకి పారెయ్యడానికి ఎట్లా ఒప్పుకున్నావని.

చిన్నాయన మెట్ల మీద కూర్చుని విన్నాడు. నేను అలిసిపోయాక, "ఆ బండి పక్కపొంటి మెట్లెక్కుడు అయితలేదురా నాతోని. డ్యూటీ దిగి వస్త, అది కనవడుతది, ఇగ పైకి పోబుద్ధి గాదు" అన్నాడు.

నేను వెళ్లి ఆయన పక్కన అదే మెట్టు మీద కూర్చున్నాను.

ఆయనే, "ఆ ఘాట్ ఎంత దూరముంటది?" అని అడిగాడు.

"అమ్మేసినవ్ గదా. ఇంకెందుకు?"

"వచ్చే వారం దాకా మనదే."

ఆయన ఆ కారులో ఎన్నడూ కూర్చోలేదు. అందులో కూర్చుంటే రోడ్డు మీద కూర్చున్నట్టే ఉంటుందని భయం. ఘాట్‌కు బయల్దేరిన పొద్దున మాత్రం నా పక్కసీట్లో కూర్చున్నాడు, స్టీరింగు దగ్గర నేను. బార్డోలీ దాటేవరకు తలుపు పట్టుకునే ఉన్నాడు. వఘయి దగ్గర లాప్‌టాప్ ఒళ్లో పెట్టి, ఏం చూడాలో, ఏ మీట నొక్కాలో చెప్పాను. ఎక్కుడు మొదలైంది. నేను గేరు తగ్గించకుండా పెడల్ అడుగు దాకా తొక్కాను. ఇంజను గొంతు మారింది.

"చుక్క పైకొచ్చింది. తెల్ల గడి" అన్నాడు చిన్నాయన, వాకీటాకీలో స్టేషనుకు చెప్పినట్టు స్పష్టంగా.

"అంకె ఎంత?"

"పదకొండు."

"పెట్రోలు ఎక్కువైతుంది. కింది బాణం నొక్కు. మెల్లగ."

"పన్నెండు. పన్నెండున్నర. ఆగింది." తెర మీదికి వంగి, "పచ్చగైంది" అన్నాడు.

టేకు చెట్ల మధ్య మలుపు తర్వాత మలుపు. ఆయన చదువుతున్నాడు, ఒక వేలితో నొక్కుతున్నాడు. వచ్చే వారం ఎవడో పీకి పక్కన పడేసే పెట్టెలో మేము ఒక్కో అంకెనూ దిద్దుకుంటూ పోతున్నాం. సగం కొండ ఎక్కినా ఆయన చదవడం ఆపలేదు. పైకి చేరేసరికి పట్టికలో తెల్లగడి లేదు.

మొక్కజొన్న కంకులు కాల్చేవాళ్ల పక్కన బండి ఆపాను. గేరు తీసేశాక ఇంజను తనంతట తాను నెమ్మదిగా, ఒకే తీరుగా తిరుగుతోంది. కొండ మీద గాలి చల్లగా ఉంది. ఆ చప్పుడు సరిగ్గా ఉందో లేదో చెప్పాల్సిన మనిషి ఒక్కరే. దిద్దింది నేను. సరేననే మాట మాత్రం ఇక నాకెవరూ చెప్పరు.

"మంచిగున్నదా?" అన్నాడు చిన్నాయన.

"తెల్వది. నాకైతే మంచిగనే ఇనవడుతుంది."

తాళం తిప్పబోతే నా మణికట్టు పట్టుకున్నాడు. "ఉండనియ్ జర" అన్నాడు.

ఇద్దరం దిగి బండికి చెరోవైపు నిలబడ్డాం. ఎక్కడి నుంచో ఒక ఎండు టేకాకు వచ్చి బానెట్టు మీద వాలింది. ఇంజను తిరుగుతున్నంతసేపూ అది అక్కడే వణుకుతూ ఉంది. దాన్ని తీసెయ్యాలని ఆయనకూ అనిపించలేదు, నాకూ అనిపించలేదు.