వదినగారి వరుస

ఆ ఆఫీసులో ఆవిడకు మరిది ఒక్కడే. అతను ఉద్యోగం మానేసి తొమ్మిదేళ్లయింది. పోతూ పోతూ తన పిలుపు మాత్రం అక్కడే వదిలేసి పోయాడు. ఆవిడ కంటే పదేళ్లు పెద్దయిన మేనేజరు మొదలు మొన్న చేరిన వాచ్‌మన్ దాకా, వావి వరుసలతో పనిలేకుండా అందరికీ ఆవిడ వదినగారే.

అక్కడ పసిపిల్లల్ని తూచే కాటాలు తయారుచేస్తారు. కాటాలో నడిచే ప్రోగ్రాము నూట నలభై ఫైళ్లు. వాటన్నిటినీ ఒక్కటిగా కూర్చడమే బిల్డ్. ఏది ముందు, ఏది తర్వాత, ఏ ఫైలు మారితే దేన్ని మళ్లీ తయారుచెయ్యాలి అని కంప్యూటరుకు చెప్పే ఫైలు మేక్‌ఫైల్. పద్నాలుగేళ్ల కిందట వదినగారే నలభై లైన్లలో రాసింది. ఇప్పుడది రెండువేల ఎనిమిది వందల లైన్లు. ఉమ్మడి కుటుంబం వంటింట్లాగా, ఏ గిన్నె ఎక్కడుందో ఆవిడొక్కదానికే తెలుసు.

కిందటేడు కుడి మోకాలికి ఆపరేషనయింది. మత్తు పూర్తిగా దిగకముందే ఫోను మోగింది. "వదినగారూ, బిల్డ్ ఆగిపోయింది." ఆవిడ కళ్లు తెరవకుండానే లైను నంబరు చెప్పింది. అది సరిగ్గా సరిపోయింది, అక్కడే వచ్చింది చిక్కంతా. ఆస్పత్రిలో ఉన్న ఆరు రోజుల్లో పంతొమ్మిది ఫోన్లు.

ఇప్పుడు ఎడమ మోకాలి వంతు. సోమవారం చేరాలి.

"ఈసారి గనక మోగిందంటే మోకాలు కాదు, ఫోనే కోయిస్తాను" అన్నాడు మొగుడు. ఆయనది బట్టలు సరిచేసే చిన్న దుకాణం. కత్తెర చేతిలో ఉండగా అన్నాడు కాబట్టి ఆవిడ నమ్మింది.

రెండు వారాల ముందే పని మొదలుపెట్టింది. "వేరు కాపురాలు పెట్టించేస్తున్నాను" అని ఆఫీసులో చెప్పింది. తెర, సెన్సరు, బ్యాటరీ, సెట్టింగులు, ఇలా ఒక్కో ఫోల్డరుకూ ఏడెనిమిది లైన్ల సొంత మేక్‌ఫైల్. పైనున్న పెద్ద ఫైలు వాటిని పేరుపేరునా పిలుస్తుంది, అంతే. ఎవరి పొయ్యి వాళ్లది, వీధి తలుపు ఒక్కటే.

బుధవారం మొత్తం బిల్డ్ ఒక్క తప్పు కూడా చూపించకుండా పూర్తయింది. ఆవిడకు అనుమానం వచ్చింది. మొదటిసారే నోరెత్తకుండా పనయిందంటే ఎక్కడో ఏదో కాలుతున్నట్టే.

కాటాలు పరీక్షించే అతన్ని అందరూ తూకం అంటారు. అతను మూడు కిలోల ఇనప గుండు తెచ్చి కాటా మీద పెట్టాడు. తెర మీద 3000 కిలోలు అని వచ్చింది.

"శుభం వదినా" అన్నాడు. "సుఖ ప్రసవం. తల్లీ, ఏనుగు పిల్లా క్షేమం."

వదినగారు నవ్వలేదు. పాత మేక్‌ఫైల్ తెరిచి, కొత్తదాని పక్కన పెట్టుకుని లైను లైనూ పోల్చింది. రెండువందల పన్నెండో లైను దగ్గర చూపు ఆగింది. "ఈ వరుస మార్చవద్దు" అని ఉంది. కింద ఫైళ్ల పేర్లు. రాసింది తనే. ఎందుకు మార్చకూడదో మాత్రం రాయలేదు.

గుర్తు తెచ్చుకోవడానికి ఒక పూట పట్టింది. పాత వరుసలో సెట్టింగుల ఫైలు ముందు, తెర ఫైలు తర్వాత. కొత్త పద్ధతిలో ఇంగ్లిషు అక్షరక్రమం, కాబట్టి డిస్‌ప్లే ముందు, సెట్టింగ్స్ తర్వాత. కూర్చిన వరుసలోనే కాటాలో ఒక్కొక్కటీ లేస్తుంది. కాటా ఆన్ చెయ్యగానే తెర లేచి, చుక్క తర్వాత ఎన్ని అంకెలు అని అడుగుతుంది. సెట్టింగులు ఇంకా లేవలేదు. సున్నా అని జవాబొస్తుంది. లోపల లెక్కంతా గ్రాముల్లో కాబట్టి, చుక్క పడక 3000 అలాగే కనిపిస్తుంది. తప్పు మేక్‌ఫైల్‌ది కాదు, ప్రోగ్రాముది. ఆ ప్రోగ్రామూ ఆవిడ రాసిందే. పాత వరుస పద్నాలుగేళ్లుగా దాన్ని కడుపులో పెట్టుకు కాచింది.

"ఇంతేనా?" అన్నాడు తూకం. "పాత వరుసే పై ఫైల్లో రాసి పడెయ్యండి వదినా. ఎవరికి తెలుస్తుంది?"

"ఎవరికీ తెలీదు. రేపు ఎవరో కొత్త ఫైలు చేరుస్తారు, వరుస తప్పుతుంది, నాకు ఫోనొస్తుంది." పాత ఫైలు మూసేస్తూ అంది, "రాకపోతే ఇంకా ఘోరం. మూడువేల కిలోలంటే నవ్వుతారు. ఇంకో చోట, నమ్మదగినంత చిన్న తప్పు చూపిస్తేనో?"

మేనేజరు దగ్గరకు వెళ్లి తప్పు తనదేనని చెప్పింది.

"పద్నాలుగేళ్లు పనిచేసిందిగా వదినగారూ?"

"పనిచెయ్యలేదండీ. బయటపడలేదు, అంతే."

గురువారమంతా ప్రోగ్రాము సరిచేసింది. సెట్టింగులు సిద్ధమయ్యాకే తెర లేచేట్టు మార్చింది. శుక్రవారం ఫైళ్ల వరుస తలకిందులు చేసింది, పేకముక్కల్లా కలిపింది. కలిపిన ప్రతిసారీ తూకం గుండు పెట్టాడు. ప్రతిసారీ 3.000 వచ్చింది. "నా భుజం జారింది గానీ మీ చుక్క జారలేదు" అన్నాడతను. ఆవిడ కొత్త పెద్ద ఫైల్లో జరిగిందేమిటో, ఎలా సరిచేసిందో మూడు లైన్లలో రాసి, చివర "ఇక ఏ వరుసలోనైనా పెట్టుకోవచ్చు" అని చేర్చింది.

సోమవారం ఆపరేషన్ అయింది. మంగళవారం ఫోను మోగలేదు. బుధవారమూ మోగలేదు. దిండు పక్కన పెట్టుకుని సిగ్నలు ఉందో లేదో రెండుసార్లు చూసింది.

మంచం పక్క స్టూలు మీద కూర్చుని ఎవరిదో ప్యాంటు అంచు కుడుతున్న మొగుడు తలెత్తాడు. "వియ్యాలవారి కబురు కోసం చూసినట్టు చూస్తున్నావేంటి?"

గురువారం ఇక ఆగలేక తనే చేసింది.

"బిల్డా?" అన్నాడు తూకం. "నడుస్తోంది వదినా. నిన్న ప్రింటరు మాడ్యూల్ కూడా చేర్చాం."

"ఎవరు చేర్చారు?"

"నేనే."

"నువ్వా? గుండ్లు మోసేవాడివి!"

"తొమ్మిది లైన్లేగా. పక్క ఫోల్డర్లో చూసి రాశాను. లైను మొదట్లో ట్యాబ్ మీట నొక్కాల్సిన చోట స్పేసులు కొట్టాను. తిట్టింది. సరిచేశాను."

"ఎవరు తిట్టింది?"

"కంప్యూటరే. మీ అంతగా తిట్టలేదులెండి."

"మరి నన్నడగలేదేం?"

"అడుగుదామనే అనుకున్నాం వదినా. అడగడానికి ఏమీ దొరకలేదు."

ఫోను పెట్టేసింది.

"ఏమంటారు?" అన్నాడు మొగుడు.

"ఏం లేదట."

"మరి ముఖం అలా పెట్టావేం? నొప్పా? నర్సును పిలవనా?"

"వద్దులే, కూర్చో" అంది. ఫోను ఆఫ్ చేసి అతని చేతికిచ్చింది. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, కుట్టడం అయిపోయిన ప్యాంట్ల కింద, సంచీ అడుగున పెట్టాడు.